సర్ తామస్ మన్రో అడిగిన ప్రశ్న

కర్నూలు సీమయందలి పత్తికొండలో 1827వ సంవత్సరము జూలై 6వ తేదీన సర్ తామస్ మన్రో విషూచివ్యాధిచే మరణించెను. అప్పటికి ఆయన చెన్నరాజధానికి గవర్నరు. పదవిని విడిచి స్వదేశమునకు పోవుటకు ముందు, తాను పూర్వము కలెక్టరుగా నుండిన దత్తమండలములను మఱియొకమాఱు చూచి, ఎఱిగినవారికడ సెలవు పుచ్చుకొనవలెనని బయలుదేరిన ప్రయాణమది. దేహమును గుత్తిలో సమాధిచేసి, 1831లో చెన్నపట్టణపు కోటలోని సెంటుమేరీ దేవాలయమునకు తరలించిరి. ఆయన జ్ఞాపకార్థము పత్తికొండలో బావి త్రవ్వించి తోపు వేయించిరి. అది ప్రభుత్వము చేసిన స్మారకము. ప్రజలు చేసినది వేఱు. వారు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. మాండవ్యఋషియే ఈ దొరయై పుట్టెనని చెప్పుకొన్నవారును గలరు. మంత్రాలయమున శ్రీ రాఘవేంద్రస్వామివారు బృందావనమునుండి వెలువడి ఆయనతో మాటలాడిరను కథ ఆ ప్రాంతమున నేటికిని వినవచ్చును.

పరప్రభుత్వమునకు ప్రతినిధిగా వచ్చి, శిస్తు వసూలుచేసి పంపిన యొక యధికారికి ఇంతటి మన్నన యెట్లు కలిగెనో విచారించుట మా యుద్దేశము కాదు. ఆయన రైతువారీ పద్ధతినిగూర్చి అనుకూలముగను ప్రతికూలముగను కావలసినన్ని గ్రంథములు వెలసినవి. మేమిచట జ్ఞప్తికి దెచ్చునది 1822లో ఆయన తన రాజధానియందలి కలెక్టర్ల కందఱకును వేసిన యొక ప్రశ్న. అది చూచుటకు చిన్నది: మీ జిల్లాలో బడులెన్ని, అందు చదువు పిల్లలెందఱు, వారు ఏ కులములవారు, బాలురెందఱు, బాలికలెందఱు అని. దానికి మన సీమనుండి పోయిన ప్రత్యుత్తరములు మాత్రము చిన్నవి కావు. అయిదేండ్ల బిడ్డ బుద్ధి దేనిచే వికసించునో, ఏది దానికి గొడ్డలిపెట్టగునో తెలియగోరువారు నేటికిని ఆ కాగితములను చదువవలసినదే.

మన్రో 1761వ సంవత్సరము మే 27వ తేదీన స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు మన్రో అమెరికాయందలి వర్జీనియాతో వర్తకము చేసెడివాడు. చిన్నతనమున బాలునికి తట్టు సోకెను. ప్రాణము దక్కెను గాని చెవిటితనము కొంత యావజ్జీవము నిలిచిపోయెను. అయ్యవారి మాట సగము వినబడని బిడ్డకు మందమతియని పేరుపడుట మన బడులలో నేటికిని వింత కాదు. మన్రోకు అట్టి దుర్గతి పట్టలేదు. చదువుపై మక్కువ పసితనముననే నాటుకొనెను. పదుమూడవ యేటనే విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. డాన్ క్విక్సోట్ గ్రంథమును మూలములో చదువవలెనని స్పానిషు భాషను తనంతట తానే నేర్చుకొనెను. అంతలో అమెరికా స్వాతంత్ర్యయుద్ధము వచ్చి తండ్రి వర్తకమును ముంచివైచెను. ఇంటి సిరి పోయినది. బిడ్డ నేర్చినది పోలేదు. ఆ కుఱ్ఱవాడు కుంపిణీ సైన్యమున చిన్న కొలువు సంపాదించుకొని 1780 జనవరిలో చెన్నపట్టణమున దిగెను.

ఇరువదియేండ్ల తరువాత, అనగా 1800లో, నిజాము తన సైన్యవ్యయమునకై కొన్ని జిల్లాలను కుంపిణీకి ఒప్పగించెను. అవియే దత్తమండలములు. ఆ పేరు మనకు అవమానకరమని తలచి, 1928లో నంద్యాలలో కూడిన పెద్దలు రాయలసీమ యను పేరు తెచ్చిరి. మన్రో యచట 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నుండెను. సుమారు ఎనుబదిమంది పాళెగాండ్లు అప్పటికి ఈ నేల నేలుచుండిరి. వారిని అణచుటయు, పొలములను కొలిపించుటయు, శిస్తు నిర్ణయించుటయు ఆయనకు పడిన పని. ఏండ్లతరబడి గుడారములలో కాపురముండి, ఊరూర చావడులలో రెడ్లతోను కరణములతోను మాటలాడెను. తెలుగుసీమలో ఆయన మాట నిలిచినది ఈ గుడారములవలననే గాని కచ్చేరీవలన గాదు.

వెడలిపోవుచు 1807లో ఆయన చేసిన సూచన యొకటి కలదు. ఈ మెట్టసీమ తాను వేసిన శిస్తును మోయజాలదనియు, నూటికి ఇరువదియైదు వంతున తగ్గింపవలెననియు వ్రాసెను. తాను వేసిన శిస్తు ఎక్కువయని తానే యొప్పుకొన్న యధికారులు అరుదు. కాని పైవారు వినలేదు. పల్లెలను మూడేండ్లకును, పిమ్మట పదియేండ్లకును గుత్తలకిచ్చిరి. గుత్తదారులును రైతులును కలిసి చెడిరి. ఆ తగ్గింపును మన్రోయే గవర్నరుగా మఱలివచ్చిన పిదప అమలుపఱచెను. నడుమ పదుమూడేండ్లు గడచినవి. పదుమూడేండ్లనగా ఒక బిడ్డ పుట్టి, బడియీడు వచ్చి, ఆ యీడు దాటిపోవుటకు చాలిన కాలము.

గవర్నరుగా ఆయన 1820 జూన్‌లో అధికారము స్వీకరించెను. ఆ నెలలోనే సెంటుజార్జికోట కళాశాలలో దొరపిల్లల నుద్దేశించి, ప్రజల భాష నేర్వనివాడు ప్రజలను పాలింపజాలడని యుపన్యసించెను. విన్నవారిలో ఇరువదియొక్కయేండ్ల చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఒకడు. అతడా ఆగస్టులో కడపకు వచ్చి తెలుగు నేర్చుకొన మొదలిడెను. మరుసటి సంవత్సరము, అనగా 1821లో, కడపలో ఉచిత పాఠశాలలను తెఱచెను. నిఘంటుకర్తగా బ్రౌనును ఎఱుగనివారు లేరు గాని, అతడు మొదట తెఱచినది నిఘంటువు కాదు, బడి. ప్రభుత్వము బడుల లెక్క యడుగుటకు ఒక యేడు ముందుగనే ఆ కుఱ్ఱవాడు కడపలో ఆ పనికి పూనుకొనియుండెను.

ఇక లెక్కల సంగతి. 1822 జూన్‌లో మన్రో తన ప్రశ్నను పంపగా ప్రత్యుత్తరములు మూడేండ్లవఱకు వచ్చుచుండెను. కర్నూలు పట్టణము 1839 వఱకు నవాబుల చేతిలో నుండుటచే ఆ లెక్కలో చేరలేదు. బళ్లారి కలెక్టరు క్యాంబెలు 1823 ఆగస్టులో వ్రాసిన నివేదిక అన్నింటిలో ముఖ్యమైనది. బళ్లారి జిల్లా యనగా నేటి బళ్లారి యని తలంపరాదు. అనంతపురము సీమ 1882 వఱకు అందులోనిదే; ఆదవని 1953 వఱకు అందులోనిదే. పైగా క్యాంబెలు తెలుగునకు వ్యాకరణము వ్రాసి 1816లో ప్రకటించిన పండితుడు. బడిలోనికి తొంగిచూచి పోయినవాడు కాడు, కూర్చుండి చూచినవాడు.

ఆయన వ్రాసినదానిని బట్టి, బిడ్డకు అయిదేండ్లు రాగానే అక్షరాభ్యాసము జరుగును. అయ్యవారును బడిపిల్లలును ఆ యింటికి వత్తురు. విఘ్నేశ్వరుని చుట్టు అందఱును కూర్చుందురు. బిడ్డను దేవుని కెదురుగా కూర్చుండబెట్టుదురు. అయ్యవారు ప్రక్కన కూర్చుండి బుద్ధి నిమ్మని ప్రార్థన చెప్పించి, బిడ్డ వ్రేలు పట్టుకొని బియ్యములో దైవనామమును వ్రాయించును. మరునాటినుండి బడి. ఉదయము ఆఱుగంటలకే బడి తెఱతురు. అందఱికంటె ముందు వచ్చిన బిడ్డ అఱచేత సరస్వతి యని వ్రాయుదురు. రెండవవాని చేతిలో సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి ఒక బెత్తపుదెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపై వచ్చినవారికి వరుసగా హెచ్చును. మా పాఠకులలో వయసుమీఱినవారికి ఈ పద్ధతి యెంతో కొంత జ్ఞాపకముండకపోదు.

అక్షరములను బిడ్డ మొదట నోటితో గాక వ్రేలితో నేర్చును. ఇసుకలో దిద్దును, చేయి తిరిగినపిమ్మట ఆకుమీదికిని పలకమీదికిని పోవును. చేతితో దిద్దిన యక్షరము కంటితో మాత్రమే చూచినదానికంటె బిడ్డకు గట్టిగా గుర్తుండునని నేటి శాస్త్రజ్ఞులు పరీక్షించి చెప్పుచున్నారు. మన వీధిబడి యయ్యవారికి పరీక్షలతో పని లేకయే అది తెలిసియుండెను. ఇక రెండవది: పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుదురు. అయ్యవారు పెద్ద తరగతులను చూచుకొనుచు అందఱిపై కన్ను వేసియుంచును. చెన్నపట్టణమున అనాథబాలుర పాఠశాలను నడపిన డాక్టరు బెల్ ఈ యిసుక వ్రాతను, ఈ పిల్లలచేత పిల్లలకు చెప్పించుటను దేశీయ పాఠశాలలో చూచి గ్రహించి, 1797లో ఇంగ్లండునకు కొనిపోగా, అచటివారు దానికి మద్రాసు పద్ధతియని పేరుపెట్టి వేలకొలది పేదపిల్లలకు చదువు చెప్పుకొనిరి. అప్పు పుచ్చుకొన్నవారే పిదప మనకు గురువులైరి.

క్యాంబెలు దోషములను దాచలేదు. పిల్లలు చదువు గ్రంథములన్నియు పద్యములు. ఆ భాష ఇంట మాటలాడు భాషకు దూరము. అర్థము అయ్యవారికే తఱుచు తెలియదు. బిడ్డలు చిలుకలవలె వల్లెవేయుదురు గాని తెలిసికొనరు. ఇది నిజము. అయిదాఱేండ్ల బిడ్డకు ధారణ అద్భుతముగా నుండును. దానిని వాడుకొనుట తప్పు కాదు. కాని ధారణమే చదువని తలచి, బిడ్డను మాటలాడనీయక, ప్రశ్నింపనీయక యుంచిన బడిలో బుద్ధి యొక కాలిమీద కుంటుచు నడచును. ఈ దోషము వీధిబడితో పోయినదని మేము చెప్పజాలము. బిడ్డ యింట నెఱుగని భాషలో పాఠములు వల్లెవేయించి, తల్లిదండ్రులకు చూపి జీతము పుచ్చుకొను శిశుపాఠశాలలు నేడు మన పట్టణములలో వీధికొకటి కలదు.

అంతటి జిల్లాలో బడులు 533. పిల్లలు 6,641 మంది. బడికి సుమారు పండ్రెండుగురు. జనసంఖ్యలో వేయింటికి సుమారు ఏడుగురు. ఆ 533 బడులలో ఒక్కదానికైనను ప్రభుత్వపు సహాయము లేదని చెప్పుకొనుటకు సిగ్గుపడుచున్నానని క్యాంబెలు తన ప్రభుత్వమునకే వ్రాసెను. బడులు తగ్గుటకు కారణము ఆయన దృష్టిలో దారిద్ర్యము. మన నేతపని సీమసరకులచే పడిపోయినది. దేశపు ధనము దేశముననే తిరుగక బయటికి పోవుచున్నది. మధ్యతరగతివారును దిగువవారును బిడ్డల చదువునకు వెచ్చింపలేకున్నారు. అంతేకాదు, ఆ బిడ్డల లేత చేతులు ఏ కొంచెపు పనికి పనికివచ్చినను వెంటనే ఆ పనిలో పెట్టవలసిన యవసరములో నున్నారు. ఈ కడపటి మాట మమ్ము వదలుటలేదు. బడి పనికిమాలినదని రైతు బిడ్డను మాన్పించలేదు. ఆ బిడ్డ కాయు మేకలవలన, ఏఱు కసవువలన, ఇంటికి వచ్చు పిడికెడు గింజలే బడికంటె ముందు కావలసివచ్చినవి.

కడప కలెక్టరు పంపిన వృత్తాంతములో మఱియొక ముఖము కనబడును. ప్రజలు నిధి కూర్చి నడపు పాఠశాలలు అచట లేవు. కాని పదినుండి పదాఱేండ్ల యీడుగల పేద బ్రాహ్మణబాలురు ఇల్లు విడిచి, ఊరకయే చదువు చెప్పువాని యూరు చేరుదురు. గురువునకును తిండికి కటకటయే. కనుక శిష్యులను ఊరు పోషించును. వారు వాకిట నిలిచిన ఏ యింటివారును వారిని వెడలగొట్టరు. మెచ్చవలసినదే. అయితే ఈ మధుకరము ఎవరికి దొరకినది? పదియేండ్లు నిండిన, ఒక కులమునకు చెందిన మగబిడ్డకు. మాలమాదిగల బిడ్డ అయ్యవారి యరుగెక్కుటకే వీలులేదు. అయిదేండ్ల యాడుబిడ్డను చదువునకై ఏ యూరును సాకలేదు. రాజధాని యంతటిలో బడికి వచ్చిన బాలురు 1,84,110 మంది కాగా బాలికలు 4,540 మంది మాత్రమే.

ఈ లెక్కలన్నియు చేరినపిదప మన్రో 1826 మార్చి 10వ తేదీన తన యభిప్రాయమును వ్రాసెను. జనసంఖ్య 1,28,50,941, బడులు 12,498. అయిదు మొదలు పదియేండ్ల నడుమనుండు బాలురే బడియీడువారని తీసికొని, వారిలో నాల్గవవంతుకంటె కొంచె మెక్కువమంది బడిలో నున్నారనియు, ఇండ్లలో చదువువారినిగూడ కలిపినచో మూడవవంతు కావచ్చుననియు ఆయన గణించెను. కొంతకాలము వెనుకటి యూరపు దేశములలో పెక్కింటికంటె ఇది మేలనియు ఒప్పుకొనెను. అయ్యవారికి నెలకు ఆఱేడు రూపాయలకంటె రాదు. బిడ్డయొక్కంటికి నాలుగు మొదలు ఎనిమిదణాలు. ఈ రాబడికి మంచివాడు రాడని ఆయన కనిపెట్టెను. కనుక జిల్లాకు రెండేసి పెద్దబడులును, తాలూకాకొకటి చొప్పున 300 తహశీలు బడులును పెట్టవలెననియు, తహశీలు బడి యుపాధ్యాయునికి నెలకు తొమ్మిదిరూపాయ లీయవలెననియు, అన్నిటికిని సాలుకు 48,000 రూపాయలు చాలుననియు సూచించెను.

మన్రో బుద్ధిసూక్ష్మతయెడల మాకు గౌరవము కలదు. కాని ఇచట ఆయన లెక్క పొరపడినదని మా యభిప్రాయము. అయిదేండ్ల బిడ్డ తాలూకాయూరికి నడచి పోలేదు. ఆ బిడ్డ పోగలిగినది తన వీధియరుగునకే. ఆ యరుగుమీది అయ్యవారికి ఆ 48,000లో ఒక్క దమ్మిడీయైనను లేదు. మంచి ఉపాధ్యాయులను పైన తయారుచేసినచో చదువు క్రిందికి తనంతట దిగునని ఆయన నమ్మెను. ఆయన తరువాత వచ్చినవారును అదేరీతిని నమ్మిరి. పైనుండి క్రిందికి చదువు దిగుట మెట్టసీమలో కాలువనీరు వచ్చినట్లే: కడపటి మడి యెండినపిదప వచ్చును, లేదా రాదు.

ఆ సంవత్సరముననే ఆయన భార్య జబ్బుపడిన చిన్నకుమారుని తీసికొని ఇంగ్లండునకు వెడలెను. మరుసటి యేడు జూలైలో ఆయన పత్తికొండలో కన్నుమూసెను. ఆయన యనంతరము పథకమును ప్రేమించువారు లేకపోయిరి. మూడువందల తహశీలు బడులలో పెక్కు పుట్టనేలేదు. పుట్టినవానిని 1836లో ఎత్తివైచిరి. బడుల నెన్నుట ఒక ప్రభుత్వమునకు చేతనైనది, సాకుట చేతకాలేదు.

ఆయన ఎఱుగని విషయ మొకటి నేడు మన మెఱుగుదుము. మన్రో బిడ్డ వయసును అయిదవయేటినుండి లెక్కించెను. మెదడు అంతవఱకు వేచియుండదు. దాని పెరుగుదలలో మిక్కిలి వేగమైన భాగము ఆ వయసునకు ముందే గడచిపోవును. జమైకా ద్వీపమందలి కింగ్‌స్టనులో 1986, 1987 సంవత్సరములలో, తిండి చాలక గిడసబాఱిన 129 మంది పసివాండ్రను, తొమ్మిదినెలలు మొదలు రెండేండ్లలోపువారిని, నాలుగు తెగలుగా చేసి పరీక్షించిరి. ఒక తెగకు పాలపిండి యిచ్చిరి. ఒక తెగవారి యిండ్లకు ఆరోగ్యసేవిక వారమున కొకగంట పోయి, తల్లికి బిడ్డతో నాడుటయు మాటలాడుటయు నేర్పెను. ఒక తెగకు రెండును చేసిరి. ఒక తెగకు ఏదియు లేదు. రెండేండ్లలో తిండివలనను, ఆటమాటలవలనను బుద్ధి పెరిగెను. రెండును పొందినవారికి ఎక్కువ పెరిగెను. ఏండ్లు గడచినకొలది తిండివలని లాభము కనబడకపోయెను, ఆటమాటలవలనిది నిలిచెను. ఇరువదియేండ్ల పిదప ఆ బిడ్డల సంపాదన ఇతరులకంటె నూటికి ఇరువదియైదు వంతు లెక్కువగా నుండెను.

దీనినిబట్టి తిండి యక్కఱలేదని యెవరైన చెప్పినచో అది దుర్మార్గము. ఆకలిగొన్న బిడ్డ ఆడనే యాడదు. కాని గ్రుడ్డును పాలును పంచి, పని ముగిసినదనుకొనుటయు చాలదు. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమందు 1962లో మొదలిడిన పరీక్షయొకటి మఱియొక హెచ్చరిక చేయుచున్నది. అచట 123 మంది పేద నీగ్రోబాలలలో కొందఱికి మూడు నాలుగేండ్ల వయసున మంచి బడి కల్పించిరి. బుద్ధిపరీక్షలలో వారికి వచ్చిన మిగులు కొన్నియేండ్లలో కరగిపోయెను. అంతట అది వ్యర్థమని కొందఱు చప్పట్లు చఱచిరి. కాని నలువదియేండ్లవఱకు వెంబడించి చూడగా, చదువు ముగించుటలోను, జీవనము గడపుటలోను వారే మేలుగా నుండిరి. బిడ్డ కలిగిన లాభమును మార్కులలో మాత్రమే వెదకరాదని తేలినది.

మనదేశమున ఆఱేండ్లలోపు బిడ్డలకై సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 1975 అక్టోబరు 2వ తేదీన మొదలైనది. నేడు కర్నూలు, కడప సీమలలో అంగన్‌వాడీ లేని పల్లె అరుదు. మన్రో తాలూకాయూరిలో ఆగిపోగా, ఇది వీధియరుగువఱకు వచ్చినది. ఆ మేరకు సంతోషింపవలసినదే. అయితే క్యాంబెలు చెప్పిన కారణము ఇంకను చావలేదు. ఆదవని, కోసిగి, మంత్రాలయము ప్రాంతములలో వాన మోసగించిన యేట, కూలిజనము గుంటూరు మిరపకోతలకు కుటుంబములతో వలసపోవుచున్నారు. బడియీడు పిల్లలను ఊరిలో నిలుపుటకు ఆ నెలలలో వసతిగృహములు తెఱచుచున్నారు. అవి బడిలో పేరుగల పిల్లల కొఱకు. మూడేండ్ల బిడ్డకు అచట చోటు లేదు. ఇంట అవ్వయో తాతయో లేనిచో ఆ బిడ్డ తల్లితో పోవలసినదే. ఊరి అంగన్‌వాడీలో వాని పేరుండును, వాడుండడు. వాడు పోయిన యూరిలో ఆ మూడునాలుగు నెలలు వానిని చేర్చుకొని, తిండిపెట్టి, మాటలాడించుటకు కోతలు మొదలు కాకమునుపే యేర్పాటు జరుగవలెనని మేము రెండు జిల్లాల అధికారులను కోరుచున్నాము. వలసపోవు పల్లెలేవో వారికి తెలియును. పోవు కాలమును తెలియును. బండ్లెక్కునాటికి ఆ పిల్లల పట్టిక చేరవలసిన యూరికి చేరియుండవలెను.